బకెట్ సంగతేమిటి?

మాస్టారు మనుషుల్ని పలకరించరు, వస్తువుల్ని పలకరిస్తారు. పొద్దున్నే వాచ్‌మన్ పెట్టిన నమస్కారం అలా గాల్లోనే ఉండిపోతుంది. మాస్టారు మాత్రం గేటు గొళ్ళెం పట్టుకుని, "రాత్రంతా చలికి బిగుసుకుపోయావేమిట్రా?" అని అడుగుతూ ఉంటారు. వస్తువులైనా సరే, మర్యాద తప్పరు. స్టేప్లర్ని నువ్వు అంటారు. లిఫ్టుని మీరు అంటారు, ఎందుకంటే అది వయసులో ఆయనకన్నా పెద్దది.

అది యానిమేషన్ సినిమాలు తీసే స్టూడియో. యానిమేటర్లందరికీ మాస్టారే పెద్ద. తెర మీద కదిలే ప్రతిదీ ముందు ఆయన కళ్ళముందు కదలాలి. చూసి ఆయన రెండే మాటల్లో ఏదో ఒకటి అంటారు. "బతికింది" అంటే షాటు పూర్తయినట్టు. "కదిలింది" అంటే మళ్ళీ మొదలుపెట్టాలన్నట్టు. ఆ "కదిలింది" విన్న యానిమేటర్లు కుర్చీలో నుంచి కదలలేక అలాగే కూలబడిపోయేవారు.

మేనేజరమ్మకి ఉద్యోగంలో చేరిన రోజే ఆయన ధోరణి ఎలాంటిదో తెలిసింది. మెట్ల దగ్గర ఎదురుపడి, ఎంతో ఆప్యాయంగా అడిగారు.

"ఏమ్మా, బాగా అలిసిపోయినట్టున్నావు?"

"పర్వాలేదండీ, బస్సు దొరక్క నడిచొచ్చాను."

"నిన్ను కాదమ్మాయ్." మాస్టారు ఆమె భుజానున్న సంచీ వైపు వంగారు. "దీని జిప్పుకి పళ్ళన్నీ ఊడిపోయాయి, పాపం."

మేనేజరమ్మకి తల కొట్టేసినట్టయింది. ఈయనతో వేగడం తన వల్ల కాదని ఆ క్షణమే అనుకుంది. కానీ వేగక తప్పదు. పనులన్నీ వేళకి జరిగేలా చూడటమే ఆమె ఉద్యోగం. ఆ పనుల్లో సగం మాస్టారు "బతికింది" అంటే తప్ప ముందుకు పోవు.

ఒకసారి లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. లోపల మాస్టారు, గడ్డం యానిమేటర్ ఉన్నారు. గడ్డం అబ్బాయి కంగారుగా తలుపు బాదుతుంటే మాస్టారు చెయ్యి పట్టుకుని ఆపేశారు.

"కొట్టకయ్యా! పెద్దాయన కాసేపు కూర్చున్నారు."

"మనం ఇరుక్కుపోయాం మాస్టారూ!"

"ఇరుక్కోలేదు. ఆయన దగ్గరికి వచ్చాం. ఎలా ఉన్నాయండీ మోకాళ్ళు?" అని లిఫ్టు గోడ నిమిరారు.

మెకానిక్ వచ్చి తలుపు తీసేసరికి గడ్డం అబ్బాయి చెమటలు కక్కుతున్నాడు. మాస్టారు మాత్రం హాయిగా బయటికొచ్చి, అక్కడ చేరిన జనంతో, "రోగి దగ్గర గుమిగూడకండి" అన్నారు. అప్పట్నుంచి ఆ వారమంతా ఆయన మెట్లెక్కే వెళ్ళారు. ఆయన మెట్లెక్కుతుంటే లిఫ్టెక్కడానికి మిగతావాళ్ళకి మొహం చెల్లలేదు. అందరూ ఆయాసపడుతూ పైకొచ్చి, ఆ ఆయాసం తీరేదాకా పని ముట్టుకునేవారు కాదు. మేనేజరమ్మ తల పట్టుకుంది.

ప్రింటర్ పాడైనప్పుడు ఇంకో భాగోతం. బాగుచేసేవాడు దాని పొట్ట విప్పి పనిచేస్తున్నంతసేపూ మాస్టారు ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డ చుట్టంలా చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"మాకేం దాచకండి. బతుకుతుందంటారా?"

"టోనర్ అయిపోయిందండీ, అంతే."

"అంటే రక్తం ఎక్కించాలన్నమాట," అని మాస్టారు స్థిమితపడ్డారు.

ఇదంతా ఒక్క మనిషి పిచ్చి అయితే మేనేజరమ్మ సర్దుకుపోయేదే. కానీ అది అంటుకోవడం మొదలైంది. సినిమాలో ఏ బొమ్మకి ఏ రంగో తేల్చే రంగులావిడ చాలా బుద్ధిమంతురాలని మేనేజరమ్మకి నమ్మకం. ఒకరోజు ఆవిడ గది పక్కనుంచి పోతూ ఈ మాటలు వింది.

"ఈ కుర్చీ ఏంటి, మొహం అలా పెట్టింది?" మాస్టారు గొంతు.

"దానికి నడుం నొప్పండీ. పొద్దున కూర్చుంటే సాయంత్రానికి లేవలేకపోతోంది," రంగులావిడ గొంతు.

"ఎప్పట్నుంచి?"

"పోయిన చలికాలం నుంచీ."

"ఎవరికీ చెప్పుకోలేదా?"

"చెప్పుకుంటే కుదరదంటారని దానికి భయమండీ."

మేనేజరమ్మ పళ్ళు నూరుకుంటూ వెళ్ళిపోయింది. చదువుకున్నవాళ్ళు, పిల్లల తల్లులు, కుర్చీకి నడుం నొప్పేమిటి! మర్నాడు చూస్తే మెత్తటి వీపున్న మాస్టారి కుర్చీలో రంగులావిడ కూర్చుని ఉంది. మాస్టారు ఆవిడ పాత కుర్చీలో కిర్రుకిర్రుమంటూ ఊగుతున్నారు. అది మాటకారి కుర్చీ అనీ, తనకి కాలక్షేపంగా ఉందనీ అందరికీ చెప్పుకుంటున్నారు. సామాన్లు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మార్చకూడదని మేనేజరమ్మ గోడకి కాగితం అంటించింది. మాస్టారు ఆ కాగితాన్ని కూడా పలకరించారు. గోడ బాగుందా, జిగురు సరిపోయిందా అని.

గడ్డం అబ్బాయి సంగతీ అంతే. రాత్రి పొద్దుపోయేదాకా పనిచేసే మనిషి అని మేనేజరమ్మకి అతనంటే గురి. మాస్టారు అతని హెడ్‌ఫోన్స్ పట్టుకుని, ఇవి ఇంటికెళ్ళి నిద్రపోవా అని అడిగారట. అతను, వాటికి ఇంటికెళ్ళాలని లేదండీ, తమ్ముడు పెళ్ళి చేసుకుని వేరే వెళ్ళాక గదిలో పలికే దిక్కు లేదు వాటికి, అన్నాడట. ఆ సాయంత్రం మాస్టారు అతన్ని ఇంటికి లాక్కుపోయారు.

"మా చదరంగం బల్ల ఎవరూ ముట్టుకోవట్లేదని అలిగి కూర్చుంది. వచ్చి ఊరుకోబెట్టు."

బల్ల ఎంతకీ ఊరుకోలేదు కాబోలు, గడ్డం అబ్బాయి రోజూ వేళకి సంచీ సర్దుకుని పోవడం మొదలుపెట్టాడు. మేనేజరమ్మ లెక్కలో ఇది కూడా మాస్టారు చేసిన నష్టమే.

సరిగ్గా అలాంటి సమయంలో గరాటు సినిమా వచ్చి ఆమె నెత్తిన పడింది.

కథ చిన్నదే. ఒక ఇంట్లో చంటివాడు పుట్టాడు. ఇంట్లో అందరూ వాడి అక్కని, "ష్, తమ్ముడు పడుకున్నాడు" అంటూ ఉంటారు. గట్టిగా మాట్లాడటానికి లేదు. ఆ పిల్ల వెనక వరండాలో సామాన్ల మధ్య కూర్చుని నూనె పోసే గరాటుతో ఆడుకుంటుంది. ఆ గరాటుకి ప్రాణం వస్తుంది. తర్వాత ఇద్దరూ కలిసి ఇల్లంతా తలకిందులు చేస్తారు. మేనేజరమ్మ చేతికి పూర్తిగా అప్పగించిన మొదటి సినిమా ఇదే. ఇది ఆగిపోతే ఆమె మళ్ళీ ఎవరో ఒకరి కింద చేరాలి. స్టూడియోలో సగంమంది ఇళ్ళకి పోవాలి.

నిర్మాతకి ప్లాస్టిక్ సామాన్ల ఫ్యాక్టరీ ఉంది. తక్కువ మాట్లాడతాడు, తక్కువ నవ్వుతాడు. మొదటిసారి షాటు చూపించినప్పుడు గరాటు లేచి నిలబడి గెంతింది. ఆయన చేతులు కట్టుకుని అంతా చూసి ఒకే ప్రశ్న వేశాడు.

"బాగానే ఉంది. పక్కనే బకెట్ ఉందిగా. బకెట్ సంగతేమిటి?"

"అది... బకెట్టేనండీ," అంది మేనేజరమ్మ.

"అదే నేనూ అడుగుతున్నా. గరాటుకి ప్రాణం వస్తే బకెట్‌కి ఎందుకు రాదు? ఏ లెక్క ప్రకారం? చూసే పిల్లలు అడగరా?"

వారం గడువు అడిగి గరాటుకి కళ్ళు పెట్టారు. పెద్ద పెద్ద కళ్ళు, రెప్పలతో సహా. మాస్టారు చూసి, "కదిలింది" అన్నారు. నిర్మాత చూసి, "ఆ కళ్ళు బకెట్‌కి పెడితే?" అన్నాడు. కళ్ళతోపాటు నోరు పెట్టారు. గరాటు మూతి ముందే సన్నం, దానికి నోరు పెట్టేసరికి ఈల వేసే దొంగలా తయారైంది. పిల్ల చేత దానికి పేరు పెట్టించారు. నిర్మాత ఆవలిస్తూ, "బకెట్‌కి పేరు పెడితే?" అన్నాడు. బకెట్ని తీసేద్దామని మేనేజరమ్మే ఒక ఉపాయం చెప్పింది. నిర్మాత మొహం మాడిపోయింది.

"బకెట్ లేని వరండా ఎక్కడైనా ఉంటుందా?"

ఫ్యాక్టరీలో బకెట్లు చేస్తాడు కదా, తన సరుకు మీద మమకారం అని అందరూ లోపల్లోపల తిట్టుకున్నారు. ఈసారి ఆయన లేస్తూ లేస్తూ మాట తేల్చేశాడు. వచ్చే ప్రదర్శనకి జవాబు ఉండాలి. లేకపోతే తన డబ్బుతో ఇంకేదైనా చేసుకుంటానన్నాడు.

మేనేజరమ్మ మాస్టారి మీద పడింది.

"మాస్టారూ, జీవితమంతా వస్తువులకి ప్రాణం పోశారు కదా. ఒక్క ముక్కలో చెప్పండి. వస్తువు ఎప్పుడు బొమ్మవుతుంది? బొమ్మకి ప్రాణం ఎప్పుడొస్తుంది?"

"నాకేం తెలుసమ్మాయ్? గరాటుని అడుగు."

"గరాటు చెప్పదండీ!"

"అందుకేగా అది ఇంకా బతకలేదు," అంటూ మాస్టారు మాటకారి కుర్చీతో సహా అటు తిరిగారు.

ప్రదర్శనకి ముందురోజు మధ్యాహ్నం మేనేజరమ్మ తన గదిలో కూర్చుని, నిర్మాతకి ఏం చెప్పి తప్పించుకోవాలా అని ఆలోచిస్తోంది. బల్ల మీద ఫ్యాను ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తల తిప్పుతోంది. మాస్టారు తలుపు తోసుకుని లోపలికొచ్చారు. మేనేజరమ్మ వైపు చూడనైనా లేదు. తిన్నగా ఫ్యాను ముందు కూర్చున్నారు.

"ఏమ్మా, ఎప్పుడు చూసినా కాదు కాదు అని తల అడ్డంగా ఊపుతావేం? ఒక్కసారీ అవునని ఊపవేం?"

మేనేజరమ్మకి ఒళ్ళు మండింది. ఆమె ఎవరేమడిగినా కుదరదంటుందని స్టూడియోలో అందరూ అనుకునే మాట ఆమె చెవిన పడకపోలేదు.

"దాని పని అది చేసుకుంటోంది, మాస్టారూ. మీ పని మీరు చూసుకోండి."

మాస్టారు కదల్లేదు. ఫ్యాను జవాబు కోసం ఓపిగ్గా చూస్తూ కూర్చున్నారు. ఫ్యాను మేనేజరమ్మ వైపు తిరిగింది, మాస్టారి వైపు తిరిగింది, మళ్ళీ మేనేజరమ్మ వైపు తిరిగింది.

"దానికి భయం," అంది మేనేజరమ్మ చివరికి, ఈయన్ని వదిలించుకుందామని.

"భయమా? ఎందుకూ?"

"ఒకరికి అవునంటే అందరూ వస్తారు. అందరికీ అవునంటే సినిమా వేళకి అవదు. వేళకి అవకపోతే ఈవిడ వల్ల కాదంటారు... అదే, దీని వల్ల కాదంటారు. ఇంట్లో ఏమో పెద్ద ఉద్యోగం వచ్చిందని చెప్పేసుకుంది. ఇప్పుడు రేపు పొద్దున ఆ పెద్దమనిషి లేచి వెళ్ళిపోతే, ఇంతమంది మొహం చూసి ఏం చెప్పాలో తెలీదు దానికి. రాత్రిళ్ళు నిద్ర కూడా..."

ఆమె ఠక్కున ఆగిపోయింది.

ఈ మాటలు మొగుడితో కూడా అనలేదు. పొద్దున్నే అమ్మ ఫోను చేసి ఎలా ఉన్నావే అంటే, "బ్రహ్మాండంగా ఉన్నా" అంది. ఇప్పుడు ఒక ఫ్యాను పేరు చెప్పి కడుపులో ఉన్నదంతా కక్కేసింది. మనసు దూదిపింజలా అయింది. ఆ వెంటనే రంగులావిడ కుర్చీ గుర్తొచ్చి సిగ్గేసింది. చెప్పుకుంటే కుదరదంటారని దానికి భయమండీ, అన్న మాట. ఆ కుదరదనే మనిషి తనే. ఆవిడ నడుం నొప్పి చలికాలం నుంచీ గోడకి అవతలే ఉంది. తను ఏం చేసింది, గోడకి కాగితం అంటించింది.

"మాస్టారూ, మీరు తెలిసే చేస్తున్నారా ఇదంతా?"

"దేని గురించమ్మాయ్?"

"ఎలా ఉన్నావని మనిషిని అడిగితే..."

"బాగున్నానంటాడు. అదేం జవాబు?" అన్నారు మాస్టారు. లేచి ఫ్యాను వెనక ఉన్న మీట నొక్కారు. అది తల తిప్పడం మానేసి మేనేజరమ్మకే గాలి విసురుతూ నిలబడింది. "కాసేపు దీన్ని కూర్చోనీ. మెడ పట్టేసి ఉంటుంది."

ఆయన గడప దాటకముందే ఆమె గడ్డం అబ్బాయి దగ్గరికి పరిగెత్తింది.

"కళ్ళు తీసేయ్!"

"ఎవరివి?" గడ్డం అబ్బాయి బెదిరిపోయాడు.

"గరాటువి. కళ్ళు, నోరు, గెంతడం అన్నీ తీసేయ్. పేరు కూడా తీసేయ్. అది మామూలు గరాటులా పడి ఉండాలి. పిల్ల దాని పక్కన కూర్చుని, నీకు భయమేస్తోందా అని అడగాలి. అసలు భయం పిల్లది అన్నమాట."

"అడగ్గానే లేపి నిలబెట్టనా?"

"అడగ్గానే ఎవరైనా చెప్తారా! ఊరుకోవాలి. చెప్పనా వద్దా అనుకోవాలి. అప్పుడు కొంచెం, కొంచెమంటే కొంచెమే, పిల్ల వైపు ఒరగాలి."

గడ్డం అబ్బాయి ఆమెని వింతగా చూశాడు, పనిలోకి దిగాడు. రంగులావిడ అడక్కుండానే వచ్చి వరండా ఎండని కాస్త సాయంత్రంలోకి జరిపింది. మేనేజరమ్మ ఆవిడకి అడ్డం వెళ్ళి నిలబడింది.

"ఆ కుర్చీకి ఇప్పుడెలా ఉంది?" అని అడిగింది.

రంగులావిడ ముందు నమ్మలేనట్టు చూసింది. తర్వాత ఫక్కున నవ్వింది. "చాలా నయం. హాయిగా లేచి తిరుగుతోందండీ."

మర్నాడు పొద్దున నిర్మాత వచ్చాడు. ప్రదర్శన గదిలో ఆ రోజే ఏసీ కారడం మొదలైంది. గత్యంతరం లేక కింద ఒక నీలం బకెట్ పెట్టారు. చీకటి గదిలో టప్, టప్ అని చుక్కలు పడుతున్నాయి. అన్ని గిన్నెలుండగా పోయి పోయి బకెట్టే పెట్టాలా అని మేనేజరమ్మ లోలోపల గొణుక్కుంది.

తెర మీద పిల్ల వరండాలో కూర్చుంది. లోపల్నుంచి ఎవరో "ష్" అన్నారు. పిల్ల గరాటుని దగ్గరికి తీసుకుని గుసగుసగా అడిగింది. "నీకు భయమేస్తోందా? అమ్మ నిన్ను మర్చిపోయిందనుకున్నావా?" గరాటు కదల్లేదు. ఇంకా కదల్లేదు. ఇంక కదలదు కాబోలు అనుకునేసరికి, పిల్ల మోకాలి వైపు రవ్వంత ఒరిగింది.

చీకట్లోంచి మాస్టారి గొంతు వినిపించింది.

"బతికింది."

లైట్లు వేశారు. నిర్మాత తెర వైపు నుంచి తల తిప్పాడు.

"బాగుంది. కానీ బకెట్ సంగతేమిటి?"

మేనేజరమ్మ లేచి నిలబడింది.

"చెప్తానండీ. ఆ పిల్ల తనకి భయమేస్తోందని ఎవరితోనూ చెప్పుకోలేదు. గరాటుకి భయమేస్తోందని మాత్రం చెప్పగలదు. పిల్ల తను చెప్పుకోలేని మాట ఏ వస్తువు నోట పెడుతుందో, అదే బొమ్మ, దానికే ప్రాణం. బకెట్‌కి ఆ పిల్ల ఏ మాటా ఇవ్వలేదు. అందుకని అది బకెట్‌గానే ఉంది."

"ఎందుకివ్వలేదు?" నిర్మాత గొంతు పెరిగింది. "గరాటులో ఏముందని? బకెట్‌కి ఏం తక్కువైందని?"

కోపంతో ఆయన మొహం ఎర్రబడింది. రంగులావిడ గడ్డం అబ్బాయిని చూసింది, గడ్డం అబ్బాయి నేల చూపులు చూశాడు. ఇంక అయిపోయిందనుకుంది మేనేజరమ్మ.

మాస్టారు లేచారు. నిర్మాతని దాటుకుంటూ వెళ్ళి ఏసీ కింద ఉన్న నీలం బకెట్ ముందు గొంతుక్కూర్చున్నారు.

"ఏమయ్యా, పట్టిన పట్టు విడవవేం? నీకేమైంది?"

టప్, అంది బకెట్. నిర్మాత మాస్టారి వీపు వైపు చిరాగ్గా చూశాడు. ఆ చూపు మెల్లిగా బకెట్ మీదికి జారింది. అక్కడే నిలిచిపోయింది.

"దానికి పట్టేం లేదు," అన్నాడు. "దాన్నెవరూ లెక్కలోకి తీసుకోలేదని బాధ, అంతే."

"ఇంట్లో జనం ఎక్కువా?"

"నిండా జనం. ఏడుగురు పిల్లల్లో నడిమివాడు ఏం మాట్లాడితే ఎవరికి వినిపిస్తుంది? ఒకరోజు బకెట్‌లో తల పెట్టి మాట్లాడితే ఇంత పెద్ద గొంతు వచ్చింది. మా నాన్న గొంతులాగ. అప్పట్నుంచి స్కూల్లో ఎవరు కొట్టారో, ఏది నచ్చిందో, అన్నీ దానికి చెప్పేవాణ్ణి. చెప్పింది నేనే, విన్నది నేనే అనుకోండి. కానీ అది చెబుతున్నట్టే ఉండేది." ఆయన మొహం తుడుచుకున్నాడు. "పెద్దయ్యాక ఫ్యాక్టరీ పెట్టి లక్షల బకెట్లు చేశాను. ఒక్కటీ మాట్లాడలేదు."

"మూతలున్నవి చేశారేమో," అన్నారు మాస్టారు.

ముందు రంగులావిడ నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత గడ్డం అబ్బాయి. ఆ తర్వాత నిర్మాత నవ్వాడు. ఎప్పుడూ నవ్వని మనిషి కదా, ఎక్కడ ఆపాలో ఆయనకి తెలీలేదు. నవ్వి నవ్వి, దగ్గొచ్చి, నీళ్ళు తాగి, సినిమా పూర్తి చేసుకోండి అన్నాడు.

"మరి బకెట్‌కి కూడా ఒక షాటు పెట్టమంటారా?" అడిగింది మేనేజరమ్మ.

ఆయన ఆలోచించాడు. "వద్దు. ఈ పిల్లకి గరాటే. బకెట్ని అక్కడే వెనకాల ఉండనివ్వండి. కళ్ళూ గిళ్ళూ పెట్టకండి. ఎవరికి కావాలో వాళ్ళకి అది తెలుస్తుంది."

తలుపు దాకా వెళ్ళినవాడు వెనక్కి తిరిగి చూశాడు. అందరికీ వీడ్కోలు చెబుతాడనుకుని మేనేజరమ్మ చేతులు జోడించింది. ఆయన ఆమె చేతుల మీదుగా ఏసీ కింద ఉన్న నీలం బకెట్ వైపు తలూపాడు.

"మనిషిని పిలిపించి ఏసీ రేపే బాగుచేయిస్తానండీ," అంది మేనేజరమ్మ నొచ్చుకుంటూ.

"ఇప్పుడప్పుడే వద్దు," అన్నాడు నిర్మాత. "వచ్చే మంగళవారం నేను మళ్ళీ వస్తాను."